ఏడాది పాటు విదేశాలకు వెళ్ళేముందు: విజయనగరంలో ఇంటికి తాళం వేసి బయల్దేరే క్రమం

మా ఆయన రైల్వేలో ఉద్యోగ విరమణ చేశాక మేమిద్దరం తోటపాలెంలో ఇంటికి తాళం వేసి పన్నెండు నెలలు విదేశాలు తిరిగి వచ్చాం. మమ్మల్ని కలిసినవాళ్ళు ముందు బ్యాగుల గురించి అడుగుతారు, తర్వాత ఖర్చు గురించి. బ్యాగులు సర్దడం మాకు ఒక్క సాయంత్రం పని. ఇల్లు, అత్తయ్య, బ్యాంకు, పొలం మేం లేకపోయినా ఏడాదిపాటు నడిచేలా చేయడానికి మాత్రం తొమ్మిది నెలలు పట్టింది. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదట బయల్దేరే నెల తేల్చుకోండి

మన ఊళ్ళో చాలామందికి పైడితల్లమ్మ సిరిమాను చూశాక బయల్దేరాలని ఉంటుంది. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవం. మన తీరానికి తుపానుల కాలం కూడా సరిగ్గా అదే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. అక్టోబరులో ఇల్లు వదిలి, మళ్ళీ అక్టోబరు చివర్లో వస్తే రెండు తుపాను కాలాల్లో ఇంటికి తాళమే ఉంటుంది. మేం సంక్రాంతి వెళ్ళాక బయల్దేరి, మరుసటి సంక్రాంతికి వచ్చేశాం. ఒక్క అక్టోబరే దాటాల్సి వచ్చింది. డబ్బు విషయంలో కూడా ఇది కలిసొచ్చింది. అదెలాగో తర్వాత చెబుతాను.

నెల తేలగానే ఒక కాగితం మీద మీరు ఊళ్ళో ఉండని పన్నెండు నెలలూ రాసి, ఏ నెలలో ఇంటి పని ఏది వస్తుందో పక్కన రాయండి. మాకు ఇలా వచ్చింది. ఏప్రిల్‌లో మున్సిపల్ కార్పొరేషన్ ఇంటి పన్ను: ఏడాది మొత్తం 30వ తేదీలోపు కడితే 5 శాతం తగ్గింపు. జులై 31లోపు ఆదాయపు పన్ను రిటర్ను. సెప్టెంబరులో కొబ్బరిచెట్లు కొట్టించడం, డాబా శుభ్రం. నవంబరులో పెన్షన్‌కు జీవన ప్రమాణ పత్రం. ఇవి కాక బండి ఇన్సూరెన్సు, ఎల్‌ఐసీ వాయిదా, ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు. ఒక్కోదాని ఎదురుగా ఎవరు చేస్తారో పేరు రాయండి. పేరు లేని పని అవదు.

పాస్‌పోర్టులో పేరు

తెలుగువాళ్ళకు ఇక్కడే చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో పెళ్ళయ్యాక మారిన పేరు. నా సంగతి అదే. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు పెట్టకుండా ఇంటిపేరు, పేరు పూర్తిగా విడివిడి గడుల్లో ఉండేలా చూసుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరు ఉంటే యూఏఈ లాంటి చోట విజిట్ వీసాతో రానివ్వరు. పాస్‌పోర్టు చేతికొచ్చాక బ్యాంకు కార్డు, టికెట్, ఇన్సూరెన్సు అన్నిటిలో అదే పేరు, అవే అక్షరాలు ఉండాలి. నాకు దీన్ని సరిచేయించడానికే రెండు నెలలు పట్టింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు విశాఖ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం కిందికి వస్తాయి. దరఖాస్తు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్లో పెట్టి, మీకు దగ్గర కేంద్రంలో తేదీ తీసుకోండి. పెద్దవాళ్ళకు 36 పేజీల పుస్తకం 1,500 రూపాయలు, 60 పేజీలది 2,000. ఏడాది తిరిగేవాళ్ళు 60 పేజీలదే తీసుకోవాలి. వీసా స్టిక్కర్ ఒక్కోటి పేజీ మొత్తం తినేస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్ జత చేయడం మర్చిపోకండి. అదీ, వయసు లాంటి వేరే మినహాయింపూ లేకపోతే ఈసీఆర్ పాస్‌పోర్టు (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ముందు ప్రభుత్వ అనుమతి అడిగేది) వస్తుంది. చాలా దేశాలు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. కాబట్టి మీరు తిరిగొచ్చే తేదీకి ఇంకో ఆరు నెలలు కలిపి చూసుకోండి. అది సరిపోకపోతే ఇప్పుడే రెన్యువల్ చేయించండి.

వీసాలు: ఇంటి నుంచే తీసుకోవాల్సినవి ముందు

ఇంటర్నెట్‌లో ప్రపంచయాత్ర గురించి రాసేవాళ్ళలో చాలామందికి బలమైన పాస్‌పోర్టులు ఉంటాయి. "వెళ్తూ వెళ్తూ చూసుకుందాం" అనే మాట వాళ్ళకు చెల్లుతుంది, మనకు చెల్లదు. యూరప్‌లో చాలా దేశాలకు ఒక్కటే చెల్లే షెంజెన్ వీసాకు సాధారణంగా మనం ఉంటున్న దేశం నుంచే దరఖాస్తు చేయాలి. థాయ్‌లాండ్‌లో కూర్చుని ఫ్రాన్స్ వీసా అడిగితే ఇవ్వడం కష్టం. అమెరికా కూడా ఇప్పుడు సొంత దేశంలోనో, నివాసం ఉన్న దేశంలోనో ఇంటర్వ్యూకి రమ్మంటోంది. అందుకని దేశాలను మూడు వరసలుగా రాసుకోండి. ఇక్కడి నుంచి స్టిక్కర్ వీసా తీసుకోవాల్సినవి ఒక వరస, ఆన్‌లైన్‌లో ఈ-వీసా ఇచ్చేవి రెండోది, ముందు వీసా అడగనివి మూడోది. మొదటి వరస దేశాలను ప్రయాణం మొదటి సగంలోకి తేవాలి. మేం యూరప్ ముందు తిరిగి, ఆగ్నేయాసియా చివరికి పెట్టుకున్నది ఇందుకే.

షెంజెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు, కానీ అంతవరకు ఆగొద్దు. లెక్క ఒకసారి వేసి చూపిస్తాను, చాలామంది ఇక్కడ పొరబడతారు. ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులకు మించి ఉండకూడదు. మార్చి 1న అడుగుపెడితే మే 29 తొంభయ్యో రోజు. అన్నాళ్ళూ ఆపకుండా ఉంటే మళ్ళీ ఆగస్టు 28 నుంచి మాత్రమే వెళ్ళొచ్చు. పైగా మీ వీసా మీద రాసిన రోజులు అంతకంటే తక్కువైతే అదే మీ హద్దు. ఎన్నిసార్లు లోపలికి రావచ్చో కూడా అక్కడే ఉంటుంది. వీసా చేతికి రాగానే ఈ రెండూ చదవండి. ఈ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఇన్సూరెన్సు తప్పనిసరి.

అమెరికా వీసా ఉంటే మెక్సికో లాంటి దేశాలు విడిగా వీసా అడగవు. అమెరికా వెళ్ళే ఉద్దేశం నిజంగా ఉంటే దాన్ని మొదటే తీసుకోవడం మంచిది. ఇలాంటి వీసాలకు వేలిముద్రలు, ఇంటర్వ్యూ అంటూ హైదరాబాద్ రెండుమూడు సార్లు తిరగాల్సి వస్తుంది. ఆ రైలు ఖర్చు, లాడ్జి ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ళు

మాకు ఎక్కువ రోజులు పట్టిన పని ఇదే. ఎక్కువ టెన్షన్ పడిందీ దీని గురించే. మా అత్తయ్యకు 81 ఏళ్ళు. మొదటిసారి చెప్పినప్పుడు "ఏడాదే? నేనుండగా వస్తారా తల్లీ?" అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మాట దాటేయకండి. మేం నెల రోజులు ఆ మాట ఎత్తకుండా తిరిగాం. దానివల్ల ఆవిడ బెంగ పెరిగింది తప్ప తగ్గలేదు.

తర్వాత మా ఆడపడుచునీ, మరిదినీ పిలిచి అందరం కూర్చున్నాం. ఆ రోజు తేల్చుకున్నవి మీరూ తేల్చుకోండి. పెద్దావిడ ఎవరింట్లో ఉంటారు? ఖర్చు నెలనెలా ఎవరి ఖాతాలో, ఎంత పడుతుంది? "అన్నయ్య డబ్బిస్తాడు కదా" అన్నంత మాత్రాన సరిపోదు, అంకె పలకాలి. ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే ఏ ఆస్పత్రి? ఆపరేషన్‌కు సంతకం ఎవరు పెడతారు? ఏ కబురు వస్తే మేం తిరిగి రావాలి? అన్నిటికంటే కష్టమైన ప్రశ్న: ఆవిడ పోతే మేం వచ్చేదాకా ఆగుతారా? ఈ ప్రశ్న మేం అత్తయ్యనే అడిగాం. "మరీ నాలుగు రోజులు పెట్టొద్దు నన్ను. చిన్నోడు చేసేస్తాడు" అంది. మా ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. కానీ ఆ తర్వాతే ఇద్దరికీ మనసు కుదుటపడింది.

బయల్దేరడానికి రెండు నెలల ముందే అత్తయ్యను నెల్లిమర్లలో ఆడపడుచు ఇంటికి పంపాం. మేం ఇంకా దగ్గర్లో ఉండగానే ఆవిడ ఆ ఇంటికి అలవాటు పడింది. మందుల వేళ, రాత్రి లేచే అలవాటు, పక్క ఎత్తు, ఇలాంటివి ఆ రెండు నెలల్లో తెలిసొచ్చాయి. ఈ పని ఆఖరి వారానికి అస్సలు వదలొద్దు. వీడియో కాల్ ఎత్తడం కూడా అప్పుడే నేర్పించాం. ఆదివారం ఉదయం మన టైము తొమ్మిదికి ఫోను. మేం ఎక్కడున్నా ఆ వేళ మార్చలేదు.

రాత్రికి రాత్రి తిరిగి రావాల్సి వస్తే ఇద్దరికీ టికెట్లకు సరిపడా డబ్బు విడిగా ఉంచండి. ఎంత సరదా పుట్టినా అందులోంచి తీయకూడదు.

డబ్బు

ముందు ఇంటి ఖర్చు లెక్కేయండి, ప్రయాణం ఖర్చు తర్వాత. కరెంటు కనీస బిల్లు, ఇంటి పన్ను, ప్రీమియంలు, పెద్దవాళ్ళకు పంపేది, ఇల్లు ఊడ్చే మనిషి జీతం, అన్నీ కలిపి ఏడాదికి ఎంతో ఒక ఖాతాలో వేసి, అక్కడి నుంచే కట్టేలా ఏర్పాటు చేయండి. రెండో భాగం పైన చెప్పిన తిరుగు టికెట్ డబ్బు. మిగిలినదే ప్రయాణానికి.

ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి విదేశీ ప్రయాణం లాంటి వాటికి పంపే సొమ్ము, ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు నింపుకునే కార్డు) వేసేదీ కలిపి, 10 లక్షలు దాటితే ఆ దాటినదాని మీద 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. రిటర్నులో లెక్క చూపిస్తే వెనక్కొస్తుంది, కానీ అందాకా మీ చేతిలో ఉండదు. జనవరిలో బయల్దేరితే ప్రయాణం రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది కాబట్టి ఈ పరిమితి రెండుసార్లు దొరుకుతుంది. భార్యాభర్తలకు ఎవరిది వాళ్ళకే. నగదుగా విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా, మన నోట్లు 25,000 రూపాయల దాకా తీసుకెళ్ళొచ్చు.

వేర్వేరు బ్యాంకుల కార్డులు కనీసం రెండు ఉండాలి. అవి రెండూ ఒకే సంచిలో ఉండకూడదు. విదేశాల్లో వాడే సౌకర్యం మామూలుగా ఆపేసి ఉంటుంది, యాప్‌లో మీరే తెరవాలి. కార్డు గడువు మీ ప్రయాణం మధ్యలో అయిపోతుందేమో చూడండి. కొత్త కార్డు తాళం వేసిన ఇంటికే వస్తుంది కదా! దుకాణంలో మెషీన్ "రూపాయల్లోనా, ఇక్కడి డబ్బులోనా" అని అడిగితే ఎప్పుడూ అక్కడి డబ్బే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ళ మారకం ధర పడి ఎక్కువ పోతుంది. యూపీఐ సింగపూర్, యూఏఈ, నేపాల్, శ్రీలంక లాంటి కొన్ని దేశాల్లో కొన్ని దుకాణాల్లో నడుస్తుంది. దాని మీద ఆధారపడి మాత్రం బయల్దేరకండి.

ఫోన్ నంబరు

ఇక్కడ మేం దెబ్బతిన్నాం. మూడో నెలలో మా ఆయన సిమ్ రీచార్జ్ అయిపోయింది, మేం గమనించలేదు. ఓటీపీ రావడం ఆగింది. బ్యాంకులో డబ్బుంది, తీయడానికి లేదు. మరిది ఇక్కడ రీచార్జ్ చేయించి, మళ్ళీ మెసేజీలు వచ్చేదాకా నాలుగు రోజులు నా కార్డు ఒక్కదాని మీదే గడిపాం. బ్యాంకు, ఆధార్, పెన్షన్, ఆదాయపు పన్ను, అన్నీ ఆ ఒక్క నంబరుకే కట్టేసి ఉంటాయి. అది ఎక్కువకాలం వాడకుండా వదిలేస్తే కంపెనీ నంబరు తీసేసి, వేరేవాళ్ళకు ఇచ్చేస్తుంది.

కాబట్టి ఏడాది ప్లాను ముందే వేయించండి. రోమింగ్‌లో మెసేజ్ వస్తుందో లేదో కంపెనీని అడిగి, ఆ సౌకర్యం తెరిపించండి. మొబైల్ డేటా మాత్రం ఆ సిమ్‌కు ఆపేయండి, లేకపోతే బిల్లు పేలిపోతుంది. రెండు సిమ్‌లు పట్టే ఫోను ఉంటే మన సిమ్ ఓటీపీలకు ఉంచి, అక్కడి సిమ్మో ఈ-సిమ్మో డేటాకు వాడుకోవచ్చు. ఇద్దరు వెళ్తుంటే ఇద్దరి ఖాతాలకూ ఒకే నంబరు పెట్టకండి.

సంతకాల పని

మీరు లేనప్పుడు పొలం కౌలు కాగితం, బ్యాంకు పని, అద్దె ఒప్పందం లాంటివి వస్తే ఎవరో ఒకరు మీ తరపున సంతకం పెట్టాలి. నమ్మకస్తుడైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. అన్ని అధికారాలూ ఇచ్చేసే జనరల్ పవర్ నేను వద్దంటాను. అమ్మే అధికారం ఇవ్వకుండా, ఏయే పనులకో విడివిడిగా రాయించండి. మేం గజపతినగరం దగ్గర పొలం కౌలు, కరెంటు మీటరు పనుల వరకే ఇచ్చాం. తమ్ముడైనా, అన్నయైనా, ఇలా రాసుకుంటేనే బంధుత్వం చెడదు. వెళ్ళాక గుర్తొచ్చి పరదేశంలో రాయాలంటే రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. ఆ కాగితం మన దేశానికి వచ్చిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ శ్రమ ఎందుకు? ఉండగానే చేసేయండి.

అదే వారంలో ఖాతాలకు, లాకరుకు నామినీలు సరిచూసుకుని, వీలునామా రాయండి. ఆస్తి తక్కువైనా రాయండి.

కేంద్ర ప్రభుత్వ పెన్షన్ ఉన్నవాళ్ళు నవంబరు పత్రం ఫోన్ కెమెరాకు ముఖం చూపించి ఇవ్వవచ్చు. బయల్దేరేముందే ఆ యాప్ పెట్టుకుని నేర్చుకోండి. రాయబార కార్యాలయంలో సంతకం పెట్టించి పంపే దారి కూడా ఉంది. రాష్ట్ర పెన్షన్ వాళ్ళ తేదీలు వేరు. ట్రెజరీలో అడిగి, మీ పన్నెండు నెలల కాగితంలో రాసుకోండి.

ఒంట్లో సంగతి

పళ్ళు, కళ్ళు ముందే చూపించుకోండి. పరదేశంలో పన్ను నొప్పి జేబు ఖాళీ చేస్తుంది. కళ్ళజోడు రెండోది చేయించి, నంబరు చీటీ దగ్గర పెట్టుకోండి.

ఇన్సూరెన్సులో రెండు మాటలు వెతకండి. ఒకే ప్రయాణానికి ఎన్ని రోజుల దాకా ఇస్తారన్నది ఒకటి. చాలా పాలసీలు 180 రోజుల దగ్గర ఆగుతాయి. పొడిగింపు విదేశం నుంచి చేసుకోవచ్చా అని రాతలో అడగండి. ముందే ఉన్న జబ్బులన్నది రెండోది. బీపీ, షుగరు ఉన్నాయని దాచి పాలసీ తీసుకుంటే, అవసరం వచ్చిన రోజు ఆ పాలసీ పనికిరాదు.

రోజూ వేసుకునే మాత్రలు మూడు నెలలకు సరిపడా, వాటి అట్టల్లోనే పెట్టుకోండి. డాక్టరు చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించండి. అప్పుడు ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. కొన్ని మందులు కొన్ని దేశాల్లో నేరం. ట్రమడాల్, కొడీన్ యూఏఈలో ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించి ఉన్న జలుబు మాత్రలు జపాన్ రానివ్వదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాలో చాలా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా కావాలి. అది ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేసిన పది రోజుల తర్వాత నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి మన దేశానికి తిరిగొస్తే క్వారంటైన్‌లో పెడతారు.

ఇల్లు

తాళం వేసిన ఇంటికి తడి, చెదలు, దొంగ, తుపాను గాలి, ఈ నాలుగూ శత్రువులే. నెలకు రెండుసార్లు తలుపులు, కిటికీలు తీసి, ఊడ్చి, గంటసేపు గాలి ఆడనిచ్చే మనిషిని జీతానికి పెట్టుకోండి. ఊరికే చూడమని పక్కింటివాళ్ళను అడిగితే మొదటి రెండు నెలలు చూస్తారు, తర్వాత మొహమాటం మిగులుతుంది. మా పనమ్మాయి వచ్చిన ప్రతిసారీ నాలుగు గదుల ఫొటోలు పంపేది. వంటింటి మూల చెమ్మ పట్టిందని ఆ ఫొటోల్లోనే కనిపెట్టాం.

బీరువాలు గోడకు జానెడు దూరం జరపండి. పట్టుచీరలు నూలు గుడ్డలో చుట్టి, మధ్యలో ఒకసారి మడత మార్చమని ఆడపడుచుకో వదినకో అప్పజెప్పండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. ట్యాంకు, డ్రమ్ములు ఖాళీ చేసి బోర్లించండి, లేకపోతే వీధంతా దోమలే. ఇన్వర్టర్ బ్యాటరీ ఏడాది ఊరికే ఉంటే చచ్చిపోతుంది, వాడుకునేవాళ్ళకు ఇచ్చేయండి. బియ్యం, పప్పులు పంచేయండి. గ్యాస్ రెగ్యులేటరు తీసేయండి. నగలు లాకరులోకి వెళ్ళాలి. పూజగది ఖాళీ చేయడం నా వల్ల కాలేదు. దేవుళ్ళను మా వదిన వాళ్ళింటికి తీసుకెళ్ళి, ఏడాది దీపం అక్కడే పెట్టమన్నాను.

సెప్టెంబరులో తప్పక చేయించాల్సినవి: కొబ్బరిచెట్లకు ఎండు మట్టలు, గెలలు దింపించడం, ఇంటి మీదికి వాలిన మామిడి కొమ్మలు కొట్టించడం, డాబా మీద నీళ్ళు పోయే గొట్టాల్లో ఆకులు తీయించడం. హుద్‌హుద్ అప్పుడు మా వీధిలో డాబా మీద నిలిచిన నీళ్ళు మెట్ల గది తలుపు కిందనుంచి ఇంట్లోకి దిగాయి. ఆ పనికి డబ్బు ముందే ఇచ్చి వెళ్ళండి.

తాళం వేసిన ఇళ్ళ మీద నిఘాకు పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. మీ స్టేషన్లో అడగండి. "రేపు బయల్దేరుతున్నాం" అని వాట్సాప్ స్టేటస్ మాత్రం పెట్టకండి.

సామాన్లు

ఒక్కొక్కరికి మీరే ఎత్తి రైలెక్కించగలిగినంత బరువు, ఒక్క సంచి. వారానికి సరిపడా బట్టలు చాలు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. ఆవకాయ చెక్-ఇన్ సంచిలో, రెండు కవర్లలో సీలు చేయించి పెట్టండి. ఆస్ట్రేలియా వెళ్తే తినే వస్తువు ఏదున్నా ఫారంలో రాయాల్సిందే. ఒక్క హెచ్చరిక మన వంటింటివాళ్ళకు: గసగసాలు యూఏఈ, సౌదీ, సింగపూర్‌లలో నిషిద్ధం. మసాలా పొడి ఇంట్లో కొట్టి ఇస్తామని అక్కో పిన్నో అంటే, అందులో గసగసాలు వేయొద్దని ముందే చెప్పండి. సరదాగా తీసుకెళ్ళిన చిన్న పొట్లం జైలు దాకా తీసుకెళ్తుంది.

అక్కడ బండి నడపాలనుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకోవాలి. ఏడాది చెల్లుతుంది, కాబట్టి మరీ ముందు తీసుకోకండి.

ఆఖరి వారం

పాస్‌పోర్టు, వీసాలు, పాలసీ, టీకా కాగితం, మందుల చీటీ, వీటి జెరాక్సులు రెండు సెట్లు చేయించండి. ఒకటి మీ రెండో సంచిలో, ఒకటి ఇంట్లోవాళ్ళ దగ్గర. ఫోన్లో కూడా ఉంచుకోండి. తాళంచెవులు ముగ్గురికి: ఊడ్చే మనిషికి వీధి తలుపుది మాత్రమే, మరిదికి అన్నీ, ఒక జత మీతో. పన్నెండు నెలల కాగితాన్ని ఆడపడుచు, మరిది ఫ్రిజ్ తలుపుల మీద అతికించండి.

విశాఖ నుంచి నేరుగా విదేశాలకు వెళ్ళే విమానాలు తక్కువ, ఎక్కువమంది హైదరాబాదో, చెన్నైయో వెళ్ళి ఎక్కాలి. రెండు విడి టికెట్లు కొంటే మొదటిది ఆలస్యమైనా రెండోది మీకోసం ఆగదు. అందుకే మేం ఒకరోజు ముందే హైదరాబాద్ చేరి పడుకున్నాం. విజయనగరం స్టేషనుకు బయల్దేరే గంట ముందు మెయిన్ స్విచ్ ఆపి, మోటారు తీగ విప్పి, ప్రతి గదికీ ఒక ఫొటో తీసుకోండి. మీటరు రీడింగు ఫొటో కూడా. దారిలో నెల్లిమర్ల వెళ్ళి అత్తయ్య కాళ్ళకు దండం పెట్టి రావడానికి ఇంకో గంట విడిగా ఉంచండి. మాకు గంట సరిపోలేదు. రెండు పెట్టుకోండి.